ఆకుపచ్చ చుక్క

సోమవారం పొద్దున షాపు షట్టరెత్తేటప్పుడు ఆమె పరపతి రెండు వందల పన్నెండు. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసరికి మైనస్ ముప్పై ఎనిమిది.

ముందు స్క్రీనే పాడైందనుకుంది. రోజంతా పాడైన వాటి మధ్య బతికే మనిషికి అలాగే అనిపిస్తుంది. లాప్‌టాప్ మూసి మళ్ళీ తెరిచింది. మైనస్ ముప్పై ఎనిమిదే.

ఊపిరి సరిగా అందనివాళ్ళు ఇళ్ళలో పెట్టుకునే ఆక్సిజన్ మెషీన్లు బాగుచేసే షాపు అది. కంపెనీలు మెషీన్లు అమ్ముతాయి. లోపలి బోర్డు పోతే మాత్రం చేతులెత్తేసి కొత్తది కొనుక్కోమంటాయి. బోర్డు మీద గోరంత చిప్పు, దాంట్లో మెషీను ఎలా నడవాలో చెప్పే ప్రోగ్రాం. చిప్పు చచ్చిపోతే, బతికున్న ఇంకో చిప్పులోంచి ఆ ప్రోగ్రాం చదివి ఫైలుగా దాచుకున్నవాడే దిక్కు. అలా దాచుకున్న రిపేరువాళ్ళంతా ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునే చోటు పేరు చేబదులు. దానికి ఆఫీసూ లేదు, యజమానీ లేడు. ఎవరి ఫైళ్ళు వాళ్ళ కంప్యూటర్లోనే ఉంటాయి. కావలసినవాడు నేరుగా అక్కణ్ణుంచే తీసుకుంటాడు. ఎవరి అసలు పేరూ ఎవరికీ తెలియదు. పెట్టుకున్న పేరొకటి, పక్కన పరపతి అంకె ఒకటి, అంతే. ఫైలు వాడినవాళ్ళు ‘పనిచేసింది’ అనో ‘పాడుచేసింది’ అనో నొక్కుతారు. పరపతి ఎంత పెద్దదైతే నొక్కుడుకు అంత బరువు.

అక్కడ ఆమె పేరు సూది. రెండేళ్ళలో అరవై మూడు ఫైళ్ళు పెట్టింది. పాతసామాను కొట్లలో చచ్చిన బోర్డులు ఏరి తెచ్చి, సెలవు రోజుల్లో వంటింటి గట్టు మీద పరుచుకుని, ఒక్కొక్క చిప్పునూ బతిమాలి బయటికి తీసినవి అవన్నీ.

పరపతి పడిపోయింది ఒకే ఒక ఫైలు వల్ల. దాని కింద మేస్త్రి అనే ఆయన రాశాడు: “ఇది ఎక్కించి కరెంటు ఇచ్చిన నిమిషంలో బోర్డు కాలిపోయింది. ఫొటో పెడుతున్నాను. సూది అనేవాడెవడో కుర్రకుంక. వాణ్ణి నమ్మకండి.”

మేస్త్రి పరపతి నాలుగు వేల వంద. చేబదులులో అంత ఉన్నవాడు ఇంకొకడు లేడు. ఆయన మాట పడీ పడగానే నలభై ఒక్కమంది వెనకే ‘పాడుచేసింది’ నొక్కేశారు. ఆ నలభై ఒక్కరిలో అసలు ఆ ఫైలు తీసుకున్నవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురిలో ముగ్గురు పోయిన నెలలోనే ‘పనిచేసింది’ అని నొక్కి, దండం బొమ్మలు కూడా పెట్టారు. ఇప్పుడు ఆ దండాలు వెనక్కి తీసేసుకున్నారు.

“వీళ్ళ మొహాలు మండ!” అంది ఆమె, పైకే.

కిటికీ దగ్గర కూర్చున్న బావగారు తలెత్తారు. “ఏమైందమ్మా?”

“ఏం లేదు బావగారూ. స్క్రూ జారింది.”

బావగారంటే ఆమె భర్తకు అన్న. షాపు ఆయనది. ఆమెకు పని నేర్పిందీ ఆయనే. షాపుకు ఉన్నదొకటే కిటికీ, దాని కింది బల్ల ఆయనది. ఆమె బల్ల వెనక గోడకు, గుడ్డిగా వెలిగే ట్యూబులైటు కింద. మూడేళ్ళుగా ఆయన చూపు మందగించి సన్నపనంతా ఆమె బల్ల మీదికే వస్తోంది. కిటికీ మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. ‘మన చేతిలో విద్య రోడ్డున పారబోసుకోకూడదమ్మా’ అని ఆయన ఎప్పుడో గట్టిగా చెప్పి ఉన్నారు గనక, సూది సంగతి షాపులో ఎత్తే ప్రశ్నే లేదు.

ఆమె ఫైలు మళ్ళీ తెరిచింది. ఫైలుతో పాటు మూడు పేజీల చీటీ ఉంది, తను రాసిందే. మూడో పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది: బోర్డు వెనక పసుపు లేబులుంటే, కరెంటు ఇచ్చే ముందు మూడో నంబరు జంపర్ తీగ కత్తిరించండి. లేకపోతే వాల్వుకి కరెంటు ఆగకుండా పోయి బోర్డు కాలిపోతుంది.

“అయ్యా, మూడో పేజీ చూశారా?” అని మేస్త్రికి రాసింది.

పది నిమిషాల్లో జవాబు. “నాకు పేజీలు నేర్పకు బాబూ.” దాని కింద చప్పట్ల బొమ్మలు ఇరవై దాకా పడ్డాయి.

ఆమె ట్వీజర్‌తో పట్టుకున్న చిప్పును బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోపంతో సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకూడదని నేర్పింది కూడా బావగారే.

మధ్యాహ్నం చాటుగా ఒక కబురొచ్చింది, గోడమీదపిల్లి అనే పేరుతో. ఆ పేరు అతను సరదాకి పెట్టుకున్నాడని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

“అన్నా, నీ ఫైలు నాకు భేషుగ్గా పనిచేసింది. నీ వెనక నేనున్నా.”

“అయితే ఆ మాట అందరి ముందూ రాయి.”

“మేస్త్రి మీదా? రేపు ఆయన నా ఫైలు మీద చెయ్యేస్తే? నాదే అరవై పరపతి అన్నా.”

“నా వెనకున్నానన్నావుగా?”

“వెనకే ఉంటా. ముందుకు రమ్మంటే ఎలా?”

చేబదులులో ఒక కట్టుబాటుంది. సున్నాకి దిగువన వరసగా నాలుగు రోజులుంటే ఆ పేరు జాబితాలోంచి పోతుంది, పేరుతో పాటే ఫైళ్ళూ పోతాయి. ఆమె వేళ్ళ మీద లెక్కేసుకుంది. శుక్రవారం పొద్దున పదింటికి సూది అనే మనిషి ఉండదు. అరవై మూడు ఫైళ్ళు ఆమె కంప్యూటర్లోనే పడి ఉంటాయి, ఎవరికీ కనపడకుండా. ఎక్కడో ఎవరి మెషీనో ఆగిపోతుంది, దాన్ని బతికించే ఫైలు ఇక్కడుందని వాళ్ళకు తెలియదు.

సాయంత్రం షట్టరు దించేముందు బావగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు: “ఆ కండక్టరమ్మ మెషీను బోర్డు ఇక లాభం లేదమ్మా. వచ్చేటప్పుడే కాలిపోయి ఉంది.”

“శుక్రవారం నేను మూత తీసినప్పుడు చిప్పు ఒక్కటే పోయింది, బోర్డు బాగానే ఉందే బావగారూ? వాల్వు తీగల స్క్రూలు కూడా బిగించాను.”

“పైకి అలాగే కనపడుతుంది. నేను ఇంటికి తీసుకెళ్ళి చూశాగా.” ఆయన కళ్ళజోడు మళ్ళీ తుడిచారు. “రేపు చిన్నోణ్ణి తీసుకెళ్ళి ఆవిడకో ఆక్సిజన్ సిలిండర్ ఇచ్చి రా. బోర్డు ఎక్కడైనా దొరికితే చూద్దాం.”

చిన్నోడంటే నలభై రెండేళ్ళ ఆమె భర్త. మెషీన్లు తేవడం, ఇచ్చి రావడం, షాపు వ్యాను నడపడం అతని పని.

మంగళవారం సిలిండరు వేసుకుని వెళ్ళేటప్పుడు వ్యానులో ఆమె అంతా చెప్పింది. సూది సంగతి అతనికి ముందునుంచీ తెలుసు. వంటింటి గట్టు మీద బోర్డులు జరిపి పళ్ళాలు పెట్టుకునే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

“ఇంకో పేరు పెట్టుకుంటే పోలా?” అన్నాడతను గేరు మారుస్తూ.

“కొత్త పేరంటే పరపతి సున్నా. సున్నా వాడి ఫైలు ఎవడు ముట్టుకుంటాడు? రెండేళ్ళు పట్టింది నాకు.”

“ఊరూ పేరూ లేనివాళ్ళ కోసం ఇంత రక్తం మరగబెట్టుకోవడం ఎందుకు?”

“నా ఊరూ పేరూ అడక్కుండా నా పని చూసి నమ్మింది వాళ్ళేనండీ. అందుకు.”

అతను వెనక సిలిండరు దొర్లకుండా వ్యాను నెమ్మదిగా నడిపాడు.

కండక్టరమ్మ రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. ముప్పై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు కొట్టిన మనిషి. ఊపిరి సగమైపోయినా గొంతు మాత్రం ఇంకా బస్సు వెనకసీటు దాకా వినపడేటంత ఉంది. సిలిండరు బిగిస్తుంటే మంచం మీద కూర్చునే అజమాయిషీ మొదలుపెట్టింది.

“ఈ బండతో ఎన్నాళ్ళమ్మాయ్? ఇది పెట్టుకుని బాత్రూముకి కూడా పోలేను.”

“అన్నయ్య చేతిలో పడిందంటే బాగైపోయినట్టేనండీ. ఆయన చెయ్యి అలాంటిది,” అన్నాడు ఆమె భర్త. ప్రతి ఇంట్లోనూ అదే మాటంటాడు. మెషీను ఇచ్చి వచ్చేటప్పుడు కూడా ‘అన్నయ్య బాగుచేశాడు’ అంటాడు. ఇన్నేళ్ళలో ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఇవాళ స్పానరు తిప్పుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

“మీ అన్నయ్యని నేనెప్పుడూ చూళ్ళేదు,” అంది ముసలావిడ. “చూసినా లాభం లేదులే. కొత్తలో నేను మొహం చూసి టికెట్టుందో లేదో చెప్పేస్తాననుకునేదాన్ని. చొక్కా మాసినవాణ్ణల్లా దింపేసేదాన్ని. ఒకరోజు చెకింగొచ్చింది. మాసిన చొక్కా జేబులో టికెట్టుంది. తళతళలాడే ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి దగ్గర లేదు. నేనే నమస్కారం పెట్టి కూర్చోబెట్టాను ఆయన్ని! ఆ రోజునుంచి మొహాలు చూడ్డం మానేశా. చెయ్యి చాపడమే. ఎవరైనా సరే, టికెట్ చూపించు.”

ఆవిడ దగ్గుతూ నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. ఆ మాట ఇంటిదాకా చెవిలో జోరీగలా తిరిగింది. తనూ మేస్త్రి టికెట్టు చూడలేదు. ఆయన పెట్టిన ఫొటోను చిన్నబొమ్మగా చూసి మండిపడిందే గానీ, దగ్గరికి తెచ్చి చూడనే లేదు.

బుధవారం పొద్దున, బావగారు రాకముందే, ఆ ఫొటోను స్క్రీను నిండా పెద్దది చేసింది. జంపర్ తీగ ఎక్కడిదక్కడే ఉంది. కత్తిరించలేదు. ఆయన పెట్టిన సాక్ష్యంలోనే ఆయన తప్పు పడి ఉంది. నలభై ఒక్కమందిలో ఒక్కడూ చూసిన పాపాన పోలేదు. “దొరికావు,” అనుకుని బల్ల చరచబోయింది. అప్పుడు కనపడింది ఆ పక్కనే.

స్క్రూ మీద ఆకుపచ్చ చుక్క.

ఆమెకో అలవాటుంది. బిగించి సరిచూసిన ప్రతి స్క్రూ తల మీదా గోళ్ళరంగుతో ఒక చుక్క పెడుతుంది. స్క్రూ తర్వాత వదులైతే ఆ చుక్క చీలి తెలిసిపోతుంది. గోళ్ళకి ఎవరూ వేసుకోని చిలకాకుపచ్చ రంగు అది. కొట్టువాడు ఎంతకీ అమ్ముడుపోక ఊరికే ఇచ్చిన సీసా. ఆ ఫొటోలో వాల్వు తీగల స్క్రూలు నాలుగు, నాలుగింటి మీదా అదే చుక్క. శుక్రవారం మధ్యాహ్నం తను పెట్టిన చుక్కలు. కండక్టరమ్మ మెషీను బోర్డు.

ఆమె ఖాళీగా ఉన్న కిటికీ బల్ల వైపు చూసింది.

అప్పుడు మేస్త్రి పెట్టిన ఫైళ్ళన్నీ తెరవడం మొదలుపెట్టింది. నూట పద్దెనిమిది. లోపల చీమలు గూడు పెట్టిన మెషీను బోర్డు, తను మూడు రోజులు తంటాలు పడ్డది, అక్కడుంది. వానలో తడిసిన ఆసుపత్రి మెషీను బోర్డు అక్కడుంది. తేదీలు చూస్తే, తను పని ముగించి, ఏం చేసిందీ వివరంగా రాసిన జాబుకార్డు బావగారికిచ్చిన మర్నాడో ఆ మర్నాడో. చీటీల్లో మాటలూ తన జాబుకార్డులోవే. లెక్కపెడితే అలాంటివి తొంభై. ఒకదానిలో ఇలా ఉంది: ‘ఇక్కడ ఈగ తలకాయంత సోల్డరు చాలు, ఈగంత అక్కర్లేదు.’ దాని కింద ఎవరో రాశారు: ‘మేస్త్రిగారూ, ఎంత చక్కగా చెప్పారండీ! అనుభవం అంటే ఇదీ.’

ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నాళ్ళూ తన పనితోనే మేస్త్రి పెద్దవాడయ్యాడు. ఆ పెద్దరికంతోనే ఇప్పుడు తన పేరు తుడిచేస్తున్నాడు. తొమ్మిది గంటలకు బావగారొచ్చి, చెప్పులు విడిచి, ఎప్పటిలాగే “ఏమ్మా, టీ అయిందా?” అన్నారు. ఆమె ఒక చచ్చిన కంప్రెసర్ విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా అదే విప్పింది.

షాపు మూశాక వ్యానులో భర్తను అడిగింది. “మేస్త్రి మీ అన్నయ్యే. మీకు తెలుసా?”

అతను స్టీరింగు మీద దుమ్ము బొటనవేలితో తుడవసాగాడు. ఆ తుడవడంలోనే జవాబు దొరికింది.

“ఎప్పట్నుంచి?”

“రెండు మూడేళ్ళయిందిలే... ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు. ఎవరి పేరైతే ఏంటి? అన్నయ్యకి చెబితే నీ మీద కోపం, నీకు చెబితే అన్నయ్య మీద కోపం. మధ్యలో నేనెందుకని...”

“సోమవారం కూడా తెలుసు. నిన్న ఇదే సీట్లో నేను ఏడ్చినంత పని చేసినప్పుడు కూడా తెలుసు.”

“అన్నం పెట్టిన చెయ్యే అది.”

“ఆ చేతికి మూడేళ్ళుగా అన్నం పెడుతున్నదెవరు?” అంది ఆమె. అక్కడొక గోడమీదపిల్లి, ఇంట్లో ఒక గోడమీదపిల్లి. వ్యాను ఆపించి దిగి, తలుపు దడాలున వేసి మిగతా దారి నడిచి వెళ్ళింది.

గురువారం ఆమె ఇంటినుంచి ఒక బోర్డు తెచ్చుకుంది. కండక్టరమ్మ మెషీనుకి సరిపోయే బోర్డే, పసుపు లేబులుదే, పాతసామానులో దొరికింది. కండక్టరమ్మ మెషీను తన బల్ల మీదికెత్తుకుని, పక్కన స్టూలు వేసింది.

“బావగారూ, ఒక్కసారి ఇలా వచ్చి కూర్చోండి.”

ఆయన వచ్చి కూర్చున్నారు. ఆమె లాప్‌టాప్ తెరిచి కొత్త చిప్పులోకి సూది ఫైలు ఎక్కించసాగింది. ఆయన ముందుకు వంగి ఫైలు పేరు చదివారు.

“అది వద్దమ్మా. బోర్డు కాలిపోతుంది.”

“మీకెలా తెలుసు?”

“విన్నాను.”

“ఎక్కడ?”

ఆమె జవాబు కోసం ఆగకుండా చిప్పును బోర్డు మీద పెట్టి, కాళ్ళు ఒక్కొక్కటే అంటించింది. ఒక్కో కాలికి ఈగ తలకాయంత. తర్వాత సన్న కట్టరు తీసుకుని, ఆయనకు కనపడేటట్టు బోర్డు ఆయన వైపు తిప్పి, మూడో జంపర్ టక్కున కత్తిరించింది. బోర్డు బిగించి ప్లగ్గు పెట్టింది. ఆయన స్టూలుతో సహా వెనక్కి జరిగారు.

ఏమీ కాలలేదు. రిలే టిక్కుమంది, కంప్రెసర్ గుర్రుమని అందుకుంది, వాల్వు ఒకసారి అటు, ఒకసారి ఇటు బుస్సుమంది. ఆమె గొట్టం చివర ఆక్సిజన్ మీటరు పెట్టింది. నలభై శాతం. అరవై. ఎనభై. పది నిమిషాలకు తొంభై మూడు దగ్గర నిలబడింది. తొంభై దాటితే మెషీను బాగున్నట్టే.

“ఆ తీగ సంగతి నీకెవరు చెప్పారు?” అన్నారాయన.

“మూడో పేజీలో ఉంది. మీకు పేజీలు నేర్పకూడదటగా.”

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

“నువ్వా?”

“నేనే. కుర్రకుంక కాదు.”

“నువ్వని నాకేం తెలుసమ్మా? ఇంటి మనిషివని తెలిస్తే అలా రాస్తానా?”

“ఇంటి మనిషి కాకపోతే రాయొచ్చా బావగారూ? చదవకుండా, చూడకుండా ఎవడి కడుపైనా కొట్టొచ్చా?” ఆమె గొంతు షాపంతా వినపడింది. ఆయన ముందు ఆమె ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. “రేపు పదింటికి నా పేరు పోతుంది. మీ మాట మీరు వెనక్కి తీసుకోండి.”

“తీసుకుంటే నా పేరేం కాను?” ఆయన కిటికీ వైపు చూశారు. “ఇక్కడ నన్నిప్పుడు ఎవరడుగుతున్నారమ్మా? కళ్ళు పోయాయి. ఉన్న పనంతా నీ బల్ల మీదికే వస్తోంది. అక్కడొక్కచోటే నేనింకా పనివాణ్ణి. మేస్త్రిగారూ అంటారు.”

ఆమెకు జాలేసింది. జాలేసినందుకు ఇంకా మండింది.

“ఆ నాలుగు వేలలో నావెన్ని?”

ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఒక జాబుకార్డు వెనక ఏదో రాసి, బల్ల మీద ఆమె వైపు జరిపారు. పాస్‌వర్డు.

“నా తర్వాత నీదేగా. ఇప్పుడే తీసుకో. సూది పోతే పోనీ, మేస్త్రి నువ్వే అయిపో. ఎవడికి తెలుస్తుంది?”

ఆమె ఆ కార్డు వైపు చూసింది. నాలుగు వేల వంద. ఒక్క మాటంటే నలభై ఒక్కమంది వెనకే పరిగెత్తుకొచ్చే పేరు. గోడమీదపిల్లి రేపటినుంచి ‘గారూ’ అంటాడు. కొంచెంసేపు ఆమెకు నిజంగానే ఆశ పుట్టింది. పుట్టిందని తెలిసి సిగ్గేసింది.

కార్డు చూసి మేస్త్రి పేరుతో లోపలికి వెళ్ళింది. సోమవారం నాటి ‘పాడుచేసింది’ తీసేసి రాసింది: “తప్పు నాది. చీటీ చదవకుండా బోర్డు కాల్చుకున్నాను. సూది ఫైలు సరిగ్గా ఉంది.” ఆయన చదివారు. కాదనలేదు. ఆమె నొక్కింది.

ఐదు నిమిషాలు పట్టలేదు. ఒకడి వెనక ఒకడు ‘పాడుచేసింది’ తీసేసి ‘పనిచేసింది’ నొక్కడం మొదలుపెట్టారు. దండం బొమ్మలు తిరిగొచ్చాయి. సూది అంకె సున్నా దాటింది, వంద దాటింది, రెండు వందల అరవైకి వెళ్ళింది. ‘మేస్త్రి మనసంటే మనసు’ అన్నాడొకడు. ‘నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా’ అన్నాడు గోడమీదపిల్లి, అందరి ముందూ.

సంతోషం రావాలి. రాలేదు. సోమవారం చూడనివాళ్ళు ఇవాళా చూడలేదు. సోమవారం మేస్త్రి చెప్పాడని తన్నారు, ఇవాళ మేస్త్రి చెప్పాడని ఎత్తుకుంటున్నారు. ఒక్కడంటే ఒక్కడు బోర్డు ముట్టుకోలేదు.

ఆమె మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. “నేను పెట్టిన నూట పద్దెనిమిది ఫైళ్ళలో తొంభై నేను చేసినవి కావు. ఇంకొకరి పని నా పేరుతో పెట్టాను.”

ఈసారి బావగారి చెయ్యి వచ్చి లాప్‌టాప్ మూత మీద పడింది. బొటనవేలి పక్కన పాత కాలిన మచ్చ, ఆమెకు సోల్డరింగ్ నేర్పేటప్పుడు ఆమె చేతిలోంచి ఐరన్ జారి అయింది. ఆమె ఆ చెయ్యిని తోసెయ్యలేదు. ఆగింది. చాలాసేపటికి ఆయనే తీసేశారు.

ఆమె నొక్కింది.

ఆ తర్వాత జరిగింది ఆమె కూడా ఊహించలేదు. మేస్త్రి అంకె వందలు వందలుగా రాలిపోసాగింది. అది సరే. ఆ నూట పద్దెనిమిది ఫైళ్ళ మీదా ‘పాడుచేసింది’ పడుతోంది. నిన్నటిదాకా వందల మెషీన్లు నడిపిన ఫైళ్ళు! చీమల బోర్డు ఫైలు పాడుచేసిందట. తడిసిన బోర్డు ఫైలు పాడుచేసిందట. నిన్నటికీ ఇవాళ్టికీ వాటిలో ఒక్క అక్షరం మారలేదు. ‘ఈగ తలకాయ’ చీటీ కింద ఎవడో రాశాడు: ‘దొంగ చేతి రాత, దీన్ని నమ్ముకుని ఎంత మోసపోయాం.’ ఇంకొకడికి ఇంకా పెద్ద సందేహం వచ్చింది: ‘మేస్త్రే దొంగైతే, దొంగ మెచ్చుకున్న సూది ఎవడు?’ దాంతో సూది అంకె కూడా దిగడం మొదలైంది. రెండు వందలు. తొంభై. నలభై. పదకొండు.

“సంతోషమేనా?” అన్నారు బావగారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగారు.

“లేదు,” అంది ఆమె. లాప్‌టాప్ మూసేసి, మెషీను మూత బిగించడం మొదలుపెట్టింది.

మెషీను వ్యానులో వేసుకుని ఆమె, భర్త బయల్దేరారు. కండక్టరమ్మ వీధి మలుపులో ఆమె ఫోను మోగింది. సూది ఫైలు కింద కొత్త మాట. రాసినవాడి పేరు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. పరపతి ఒకటి. ‘పసుపు లేబులు బోర్డు. మూడో పేజీ చదివి జంపర్ కత్తిరించాను. పనిచేసింది.’ అంతే. పొగడ్తా లేదు, దండమూ లేదు. సూది అంకె పదకొండునుంచి పన్నెండైంది. నాలుగు రోజులుగా కోపంతో ఎండిపోయి ఉన్న కళ్ళు ఆ పన్నెండును చూసి చెమ్మగిల్లాయి.

మెషీను పైకి మోసి, మంచం పక్కన పెట్టి, ప్లగ్గు పెట్టారు.

“ఇదిగోనండీ మీ మెషీను. అన్నయ్య...” అని మొదలుపెట్టాడు భర్త, అలవాటు కొద్దీ.

“నేను బాగుచేశాను,” అంది ఆమె.

ఆ మాట అంత గట్టిగా ఒక గదిలో అనడం ఆమెకు ఇదే మొదటిసారి. ముసలావిడ ఏదో అంటుందని ఎదురుచూసింది.

“ఎవరు చేస్తే నాకేంటమ్మాయ్? ముందు ఆ మీటరు పెట్టు,” అంది కండక్టరమ్మ చెయ్యి చాపి.

ఆమె మీటరు మెషీను గొట్టానికి తగిలించి ఆ చేతిలోనే పెట్టింది. ముసలావిడ కళ్ళజోడు వెతుక్కుని, గొంతులోనే గొణుక్కుంటూ అంకెలు తనే చదివింది. ఎనభై ఒకటి. ఎనభై ఎనిమిది. తొంభై మూడు. “ఇంకాసేపు ఉంచు. మొదట బాగుండి తర్వాత చతికిలబడేవి చాలా చూశా.” పావుగంట ముగ్గురూ ఆ మీటరు ముందు కూర్చున్నారు. తొంభై మూడు కదల్లేదు. అప్పుడు గానీ ఆవిడ సిలిండరు గొట్టం ముక్కునుంచి తీసి మెషీను గొట్టం పెట్టుకోలేదు.

వెళ్ళేముందు ఆమె సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీసి, వంగి, వెనక మూత చివరి స్క్రూ మీద చుక్క పెట్టింది. దారి పొడుగునా మెషీను కుదుపుకి ఏదైనా వదులైందేమోనని అంతకుముందే అదొక్కటీ మళ్ళీ బిగించింది.

“అదేంటి?” అంది ముసలావిడ.

“నేను చూశానని గుర్తు.”

“పేరు రాసుకోవచ్చుగా?”

“పేరెందుకులెండి. బిగిసిందో లేదో మీరే తిప్పి చూసుకోండి.”

మరొకరైతే నవ్వి ఊరుకునేవారు. ఆవిడ నిజంగానే మంచం దిగి, గొట్టం ఓ చేత్తో పట్టుకుని, మెషీను వెనక్కి వంగి, చుక్క ఆరేదాకా ఆగి, బొటనవేలి గోరు ఆ స్క్రూ గాడిలో పెట్టి తిప్పింది.

అది కదల్లేదు.